రూపాయికి అణా

సీసపు కవచం లోపల చిన్న గొట్టం, అందులో జెర్మేనియం-68. పలచటి హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఎక్కిస్తే అవతలి కొస నుంచి గాలియం-68 దిగుతుంది. న్యూక్లియర్ మెడిసిన్ వాళ్లు ఇలాంటి జనరేటర్‌ను ముద్దుగా ‘ఆవు’ అంటారు, ఆ పనిని ‘పితకడం’ అంటారు. ఒకసారి పితికాక నాలుగు గంటలాగితే మళ్లీ చేపుతుంది. జెర్మేనియం సగమవడానికి 271 రోజులు పడితే, గాలియంకు 68 నిమిషాలే.

ఆ గాలియాన్ని పీఎస్ఎంఏ అనే ప్రొటీన్‌ను వెతుక్కుంటూ పోయే అణువుకు తగిలించి నరానికిస్తారు. ప్రోస్టేట్ క్యాన్సర్ కణాల మీద ఆ ప్రొటీన్ మెండు. గంట తర్వాత పెట్ స్కాన్ తీస్తే లింఫు గ్రంథిలోనో ఎముకలోనో నక్కిన కణాలు వెలుగుతాయి.

ఈ గురి ఒక్కనాడు కుదిరింది కాదు. 1996లో అమెరికా అనుమతించిన ప్రోస్టాసింట్ అదే ప్రొటీన్‌ను పట్టేది, కానీ కణం లోపలున్న తోకను. అందుకే చచ్చిన, చస్తున్న కణాలకే ఎక్కువగా అంటుకునేది. బయటి నుంచే పట్టుకునే జే591 యాంటీబాడీని న్యూయార్క్‌లోని కార్నెల్ వైద్య కళాశాలలో నీల్ బ్యాండర్ తయారుచేశారు. దానికి రేడియో ధాతువులు తగిలించి పరీక్షించిన వారిలో వల్లభజోస్యుల శంకర్ ఒకరు. యాంటీబాడీ రక్తంలో రోజుల తరబడి తిరుగుతుంది. చిన్న అణువులొచ్చాకే ఇది గంట పని అయింది.

ఆస్ట్రేలియాలో 302 మందిపై జరిపిన పరీక్ష 2020లో లాన్సెట్‌లో వచ్చింది: పీఎస్ఎంఏ పెట్ కచ్చితత్వం 92 శాతం, పాత పద్ధతిలో ఎముకల స్కాన్, సీటీ కలిపితే 65. అయినా వెలిగిందల్లా క్యాన్సర్ కాదు. గాలియం బదులు ఫ్లోరిన్-18 తగిలించిన పీఎస్ఎంఏ-1007 అనే ట్రేసర్ (జాడ చూపే మందు) పక్కటెముకల్లో ఉత్తుత్తి చుక్కలు చూపించడం మామూలే. దాన్ని నమ్మి, నయం కావాల్సిన మనిషికి ఆపరేషన్ మానేస్తే? చూపు పెరిగేకొద్దీ అనుమానించే ఓపికా పెరగాలి మరి.

ఫ్లోరిన్-18 సైక్లోట్రాన్‌లో పుడుతుంది, 110 నిమిషాలకు సగమవుతుంది. హైదరాబాద్‌లో బయల్దేరిన కారు ఏడు గంటల ఇరవై నిమిషాలకు కడప జిల్లా కమలాపురం చేరిందనుకుందాం. మిగిలేది పదహారో వంతు, రూపాయికి అణా! మందు మనిషి దగ్గరికి రాలేదు, మనిషే పోవాలి. కమలాపురంలో రైలెక్కి రేణిగుంటలో దిగి, న్యూక్లియర్ మెడిసిన్ విభాగమున్న తిరుపతి స్విమ్స్‌కో, ఇంకా పెద్ద ఊరికో.

తీరా అక్కడ సూది వేశాక గంట కూర్చోబెడతారు. గాలియం ట్రేసర్ మూత్రంలోకి దిగుతుంది, మూత్రాశయం దీపంలా వెలిగి పక్కనున్న చిన్న మచ్చను కప్పేస్తుంది. అందుకే బల్లెక్కించే ముందు, మూత్రం ఇబ్బందితోనే ఇంత దూరం వచ్చిన మనిషికి చెప్పే మాట: “పెద్దాయనా, ఒకసారి ఒంటికి పోయి రాప్పా.”