వనభోజనంలో వనం ఎక్కడ?

దీపావళి వెళ్లిన మర్నాటి నుంచి నెల రోజుల పాటు హైదరాబాద్‌లో వనభోజనాల సందడి. జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ వాళ్లలో చాలామందికి ఆ మాట వింటే శివార్లలోని ఫామ్‌హౌస్, షామియానా, క్యాటరింగ్ వారి బల్లలు, మైకు, తంబోలా గుర్తుకొస్తాయి. పేరులో ఉన్న వనం మాత్రం ఆ జాబితాలోకి రాదు. ఇదే రెండు పేటల పక్కన, చెక్‌పోస్ట్ కూడలికి కూతవేటు దూరంలో, సుమారు 390 ఎకరాల నిజమైన అడవి ఉంది. కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానం అని దాని పూర్తి పేరు. ఊరంతా కేబీఆర్ పార్కు అంటుంది. 1998లో దానికి జాతీయ ఉద్యానం హోదా వచ్చింది. అడవి ఇక్కడ ఉంటే, అడవికి వెళ్లే ఆచారం ఇంకెక్కడో గచ్చు మీద జరుగుతోంది. ఈ రెండూ విడిపోవడం వల్ల రెంటికీ నష్టమే. వనభోజనాన్ని విందుగా చూడటానికి అలవాటు పడ్డాం గానీ, చిన్న అడవిని దగ్గరగా తెలుసుకోవడానికి మన పెద్దలు కుదుర్చుకున్న పద్ధతి అది. ఆ పద్ధతి ఇప్పుడు అన్నిటికంటే ఎక్కువగా కావలసింది ఈ కొండ మీది అడవికే.

పద్ధతి అనడానికి కారణాలు దాని వివరాల్లోనే ఉన్నాయి. మొదటిది వేళ. తెలంగాణలో నైరుతి వానలు ఆశ్వయుజంతో వెనక్కి తగ్గుతాయి. కార్తీకం నాటికి నేల ఆరుతుంది, గడ్డి ఇంకా పచ్చగానే ఉంటుంది, కుంటల్లో నీళ్లు నిలిచి ఉంటాయి, ఎండ ఒంటికి హాయిగా తగులుతుంది. ఆకురాల్చే అడవిలో మనిషి నేల మీద తీరిగ్గా కూర్చోగలిగిన రోజులు ఏడాదిలో ఇవే. రెండోది చెట్టు. ఏ చెట్టయినా సరే అని ఆచారం అనలేదు, ఉసిరి కిందే అంది. కార్తీకమాసంలో రోజుకో అధ్యాయంగా చదువుకునే కార్తీక పురాణంలో ఐదో అధ్యాయం వనభోజన మహిమకే కేటాయించి ఉంది. ఉసిరి ఉన్న తోటను ఎంచుకోవాలి, ఆ చెట్టు మొదట్లో పూజ చేయాలి, దాని నీడలోనే తినాలి. ఆచరణలో దీని అర్థం ఏమిటో గమనించండి. వనభోజనం తలపెట్టిన వాళ్లలో ఒక్కరికైనా ఉసిరిని గుర్తుపట్టడం రావాలి. చింతాకులా, తుమ్మాకులా కనిపించే ఆ సన్నటి రెమ్మ నిజానికి ఒకే ఆకు కాదు, వరసగా అమరిన చిన్న చిన్న ఆకులున్న కొమ్మ అని, ఆకు రాలే కాలంలో ఆ రెమ్మ రెమ్మంతా రాలిపోతుందని పరీక్షగా చూసినవాళ్లకే తెలుస్తుంది. దాని నీడ దట్టంగా ఉండదు, వెలుగు జల్లెడ పట్టినట్టు దిగుతుంది. కార్తీకపు చలిగాలిలో అలాంటి నీడే సుఖం. అప్పటికి కొమ్మల మీద కాయ కూడా ఉంటుంది. పండితుడైనా పామరుడైనా ఒక చెట్టును పేరుతో పిలిచి, దాని ఆకు, కాయ, నీడ ఎలా ఉంటాయో ఏడాదికోసారి సరిచూసుకునేలా చేసిన ఏర్పాటు ఇది.

మూడోది వంట. ఇక్కడ ఆచారం చాలా మెలకువగా ఉంటుంది. గాలివాటం చూసి గాడిపొయ్యి తవ్వుతారు. గాలి ఒక చివర నుంచి దూరి రెండో చివరికి పొగను తోసేస్తే మంట నిలకడగా ఉంటుంది, రెండు మూడు గిన్నెలు ఒకే వరసలో ఉడుకుతాయి. పొయ్యి నేలలోపల ఉండటంతో నిప్పురవ్వ ఎండుగడ్డి మీదికి ఎగిరే ప్రమాదం తగ్గుతుంది. పచ్చికొమ్మ నరికి తెచ్చినా లాభం లేదు, అది పొగ తప్ప మంట ఇవ్వదు. కాబట్టి రాలిన పుల్లలు ఏరుకోవాల్సిందే. ఆ పని పిల్లలది. ఏ పుల్ల చిటపటమని త్వరగా అంటుకుంటుందో, ఏ కర్ర నిదానంగా మండుతుందో పాఠం చెప్పకుండానే వాళ్లకు తెలిసిపోతుంది. ఇక విస్తరి. కోస్తాలో అరిటాకు, ఉత్తరాంధ్ర ఏజెన్సీ నుంచి వచ్చే అడ్డాకు, తెలంగాణలో మోదుగాకు. మూడేసి ఆకులుగా వచ్చే మోదుగను సన్నపు పుల్లలతో కుట్టి విస్తరి చేయడం ఇక్కడి ఇళ్లలో మొన్నమొన్నటి దాకా అందరికీ వచ్చిన పని. తిన్నాక ఆ ఆకును పశువు తింటుంది, లేదంటే నేల తింటుంది. పులిహోర, గుమ్మడికాయ దప్పళం, ముద్దపప్పు, పెరుగన్నం అందరికీ ఒకే పంక్తిలో, ఒకే నేల మీద. చివర పొయ్యి మీద నీళ్లు చల్లి, మట్టి కప్పి, ఆ చోటును ఊడ్చి రావడం కూడా వంటలో భాగమే. నిప్పు ఆర్పకుండా వచ్చిన వాళ్లను పెద్దలు తిరిగి పంపేవారు. అడవిలో ఎలా మెలగాలో నేర్పే శిక్షణగా చూస్తే ఇందులో పూజ ఎంత ముఖ్యమో పారిశుధ్యమూ అంతే ముఖ్యం.

ఇప్పుడు కేబీఆర్ అడవి సంగతి. చివరి నిజాం మనవడు ముకర్రం ఝా నివాసంగా పేరుపడ్డ చిరాన్ ప్యాలెస్ ఈ ఆవరణలోనే ఉంది. చుట్టూ ఇళ్లు లేచిన దశాబ్దాల్లో ఈ గుట్టలు మాత్రం ప్లాట్లుగా విడిపోకుండా మిగిలాయి. దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు రాళ్ల మధ్య, పలచటి మట్టిలో పెరిగిన దక్కను ముళ్లపొద అడవి ఇది. సీతాఫలం, తంగేడు, రేల, మోదుగ, వేప, తుమ్మ, రేగు, శ్రీగంధం ఇందులో ఉన్నాయి. నెమళ్లు, ముళ్లపందులు, పునుగు పిల్లులు, అలుగు లాంటి జీవులు బతుకుతున్నాయి. టేకు మానులు గానీ, ఆకాశాన్నంటే వేగిసలు గానీ ఇక్కడ ఉండవు. ఫాల్గుణం వచ్చేసరికి చాలా మొక్కలు ఆకు దులిపి బోసిగా నిలుచుంటాయి. సరిగ్గా ఆ రూపమే ఈ అడవికి శత్రువు. వేసవిలో దాన్ని చూసిన కన్నుకు అది ఎండిపోయిన పిచ్చికంపలా కనిపిస్తుంది. ఎండిపోవడం దాని రోగం కాదని, నీటిని పొదుపు చేసుకునే ఉపాయమని తెలియకపోతే, కంప కొట్టేసి పచ్చిక పరుద్దాం, పూలమొక్కలు పెడదాం, రోడ్డు కాస్త వెడల్పు చేద్దాం అనే మాట సమంజసంగానే వినిపిస్తుంది. సినిమాకు కావలసిన అడవిని మన స్టూడియోల్లో ఎప్పుడంటే అప్పుడు, ఎంత పచ్చగా కావాలంటే అంత పచ్చగా నిలబెట్టగల కళాదర్శకులు ఈ పేటలోనే ఉన్నారు. వాళ్ల నైపుణ్యం గొప్పదే. అయితే తెర మీద చూసిన అడవే అడవికి కొలమానమైతే, పక్కనే ఉన్న అసలు అడవి ఎప్పుడూ ఆ కొలతకు తూగదు.

నడక సరిపోదా అని అడగవచ్చు. ఈ ప్రశ్నకు బలమైన ఆధారమే ఉంది. 2016లో వ్యూహాత్మక రహదారుల పథకం కింద పార్కు చుట్టూ ఫ్లైఓవర్ల కోసం చెట్లు కొట్టేయాలన్నప్పుడు వీధిలోకి వచ్చి అడ్డుకున్నవాళ్లలో రోజూ పొద్దున్నే అక్కడ నడిచేవాళ్లు ఎందరో ఉన్నారు. వ్యవహారం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. అంటే రాకపోకలున్న అడవికి మనుషులు అండగా నిలుస్తారని ఆ ఉద్యమమే రుజువు చేసింది. నా వాదన దానికి కొనసాగింపే. నడక మనిషిని అడవి అంచుకు తెచ్చింది, అంచున ఉన్న చెట్టు పోతుంటే అతడు కదిలాడు. మరి లోపల ఒక సీతాఫలం పొద స్థానంలో అలంకరణ మొక్క వస్తే ఎవరు గమనిస్తారు? పార్కు చుట్టూ పర్యావరణ సున్నిత ప్రాంతాన్ని 2020 నాటి కేంద్ర నోటిఫికేషన్ కొన్ని చోట్ల 3 మీటర్లకు, అత్యధికంగా 29.8 మీటర్లకు పరిమితం చేసినప్పుడు, ఆ సంఖ్యల అర్థం ఎందరికి తట్టింది? వేగంగా నడిచేవాడి చూపు దారి మీద, గడియారం మీద ఉంటుంది, అది నడక ధర్మం. చెట్టు కింద రెండు గంటలు కూర్చున్నవాడి చూపు మెల్లగా కొమ్మల్లోకి, రాళ్ల సందుల్లోకి వెళుతుంది.

ఇంగ్లండ్ పల్లెల్లోని చిన్న చిన్న వనాల చరిత్ర ఈ విషయంలో మనకు పనికొస్తుంది. సఫోక్‌లోని బ్రాడ్‌ఫీల్డ్ వనంలో 1252 నుంచి చెట్లను వంతుల వారీగా మొదలంటా కొట్టి, మోడు నుంచి పిలకలు లేవనిచ్చి, కొన్నేళ్లకు మళ్లీ కొట్టే సంప్రదాయం నడుస్తోందని చరిత్రకారులు చెబుతారు. కంచెలకూ, పనిముట్ల పిడులకూ, వంటచెరకుకూ ఆ కర్ర కావాలి గనక ఊరివాళ్లు ఆ వనాన్ని పొలంగా మార్చనివ్వలేదు. కొట్టిన చోట వెలుగు పడి వసంతంలో నేల నిండా పూలు వస్తాయి. ఆలివర్ రాకమ్ అనే వృక్షశాస్త్రవేత్త ఇలాంటి వనాలను ఒక్కొక్కటిగా నడిచి, పాత దస్తావేజులతో పోల్చి, చిన్న అడవి నిలవడానికి దాని విస్తీర్ణం కంటే దానితో మనుషులకున్న నిత్యసంబంధమే ముఖ్యమని చూపించాడు. మన సీతాఫలం, మోదుగ కూడా మోడు నుంచి చిగురించేవే. ఇక్కడి పల్లెలు వాటితో బతికిన తీరు ఇంగ్లండ్ తీరుకు దూరమేమీ కాదు. అయితే జాతీయ ఉద్యానంలో కర్ర కొట్టే హక్కు ఎవరికీ లేదు, ఉండకూడదు కూడా. వాడకం పోయిన అడవికి మిగిలే బంధం తెలిసి ఉండటం ఒక్కటే. ఆ తెలివిడిని పండగ వంకతో ఏటేటా మళ్లీ తెచ్చే ఏర్పాటు మన దగ్గర ఉన్నది వనభోజనమే.

చట్టం మాటేమిటి అనే అభ్యంతరం న్యాయమైనది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అభయారణ్యాల్లో, జాతీయ ఉద్యానాల్లో నిప్పు పెట్టడాన్ని నిషేధించింది. ఎండుగడ్డి ఉన్న ఈ గుట్టల్లో గాడిపొయ్యి తవ్వాలని ఎవరన్నా అంటే నేనే ముందు కాదంటాను. అన్నం మిగిలిన చోటికి ఎలుకలు, కుక్కలు వస్తాయి, వాటి వెనక జబ్బులు వస్తాయి. కాబట్టి కేబీఆర్‌లో భోజనం వద్దు. కానీ వనభోజనాన్ని రెండుగా విడదీయడం కష్టమేమీ కాదు. వనం పొద్దున, భోజనం మధ్యాహ్నం. పొద్దున అనుమతి ఉన్న దారిలో, తెలిసినవారి వెంట, ఖాళీ చేతులతో వెళ్లి చెట్లను చూడాలి, కూర్చోమన్న చోట కూర్చోవాలి. భోజనం గండిపేట ఒడ్డు తోటల్లోనో, వంటకు అనుమతి ఉన్న ప్రైవేటు తోటల్లోనో, అపార్ట్‌మెంటు ఆవరణలో నాటుకున్న ఉసిరి కిందో పెట్టుకోవచ్చు. జూబ్లీహిల్స్ కాలనీల్లో ఇళ్ల స్థలాలు విశాలమైనవి, పార్కులూ ఉన్నాయి. ఇప్పుడు ఉసిరి నాటితే కొన్నేళ్లకు దాని కింద పంక్తి వేసుకోవచ్చు.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం కులం. కార్తీకంలో పత్రికల జిల్లా పేజీలు తిరగేస్తే ఫలానా కుల సంఘం వనభోజనాలు, ఫలానా సామాజిక వర్గం ఆత్మీయ సమ్మేళనం అనే వార్తలే వరస కడతాయి. నాయకులు వస్తారు, బలప్రదర్శన జరుగుతుంది. ఒకే పంక్తిలో తినడం అందం అని పైన రాశాను, మరి ఆ పంక్తిలోకి ఎవరిని రానిస్తున్నారు? ఈ విమర్శను తోసిపుచ్చడానికి లేదు. పాత కాలంలోనూ పంక్తిభేదాలు ఉండేవి, గతాన్ని కడిగి చూపించి లాభం లేదు. అయినా ఒక సంగతి గమనించాలి. కుల సంఘాల సభలు పెద్దవయ్యే కొద్దీ వాటిలోంచి చెట్టు మాయమైంది. వేలమందికి ఉసిరి నీడ చాలదు, మైదానమే కావాలి. చెట్టును కొలతగా పెట్టుకుంటే గుంపు దానంతటదే పాతిక, ముప్ఫై మందికి తగ్గుతుంది. ఆ పరిమాణంలో మనుషులను కలిపేది వీధి, పని, బడి. ఫిల్మ్‌నగర్ నిండా పని వల్ల ఒకచోట చేరిన మనుషులే. లైట్‌మెన్, మేకప్ వాళ్లు, డ్రైవర్లు, ఎడిటర్లు, జూనియర్ ఆర్టిస్టులు వేర్వేరు జిల్లాల నుంచి, వేర్వేరు ఇళ్ల నుంచి వచ్చినవారు. ఒక యూనిట్ కలిసి వెళితే ఆ పంక్తికి కులం పేరు పెట్టడం ఎవరితరమూ కాదు. దీపం వెలిగించేవాళ్లు వెలిగిస్తారు, నమ్మకం లేనివాళ్లూ వేరే మతంవాళ్లూ కాయ కోసి ఉప్పు అద్దుకుని తింటారు. ఉసిరి నీడ ఇద్దరికీ ఒకటే.

ఒక్క కార్తీకంతో ఆపితే ఈ అడవిని సగమే చూసినట్టు. భాద్రపదంలో తంగేడు పూసి బతుకమ్మకు సిద్ధమవుతుంది. ఆశ్వయుజ, కార్తీకాల్లో సీతాఫలం కళ్లు విచ్చుతుంది. ఫాల్గుణంలో ఆకులన్నీ రాలిన కొమ్మల మీద మోదుగ ఎర్రగా విరుస్తుంది, వైశాఖపు మండుటెండలో రేల పసుపు గుత్తులు వేలాడదీస్తుంది. కార్తీకంలో ఉసిరి కింద కూర్చున్న బృందమే ఫాల్గుణంలో మరొకసారి, ఎండిన రూపం చూడటానికే, అదే దారిన రావాలి. అటవీ శాఖ ఆ రెండు నెలల్లో కొన్ని ఉదయాలు చిన్న బృందాలకు కేటాయించి, స్థానిక చెట్ల పేర్లు తెలుగులో చెప్పగలిగిన మనిషిని వెంట పంపితే చాలు. దానికి కొత్త కట్టడమేదీ అక్కర్లేదు. చెట్ల పేర్లు తెలిసిన పెద్దవాళ్లు ఈ పేటల్లో తోటమాలులుగా, కాపలాదారులుగా పనిచేస్తూనే ఉన్నారు, వాళ్లను పిలిచి గౌరవంగా అడగాలి.