గింజకు కట్టిన ఇళ్లు

నెల్లూరు జిల్లా ఉదయగిరి అనగానే అందరికీ చెక్క చెంచాలూ గరిటెలూ గుర్తొస్తాయి. భౌగోళిక గుర్తింపు పొందిన ఆ పనితనానికి మెప్పు దక్కింది, దక్కాల్సిందే. నా చూపు మాత్రం గరిటె ముంచే గిన్నెను దాటి, ఆ గిన్నెలోకి గింజ ఎక్కడినుంచి వచ్చిందో అక్కడికి పోతుంది. ఉదయగిరి నుంచి ఆత్మకూరు దాకా వానను నమ్ముకోలేని నేల. కాలవ నీళ్లు అందని చోట సజ్జో జొన్నో ఒక కారు పండితే, మళ్లీ పండేదాకా దాన్నే నిలబెట్టుకోవాలి. గాదె, పాతర, దొంతి అందుకోసం పుట్టినవే.

గాదెలో ముందు చూడాల్సింది అడుగు. నేలకు ఆనించకుండా రాళ్ల మీద నిలబెడతారు. చెమ్మ పైకి పాకదు, ఎలుక కన్నం వేస్తే ఇట్టే కనబడుతుంది. గోడ అల్లికకు వెదురు బద్దలు, వావిలి బర్రలు, కందికట్టె, ఏది దగ్గర దొరికితే అది. నిలువు పుల్లలు లావువి. అడ్డంగా అల్లే బర్రలు సన్ననివి, పచ్చివి. పచ్చిగా ఉన్నప్పుడు చెప్పినట్టు వంగుతాయి, ఎండాక బిగుసుకుంటాయి. నిలువు పుల్లలు బేసి లెక్కలో ఉండాలి. బర్ర ఒక పుల్లకు ముందునుంచీ మరో పుల్లకు వెనకనుంచీ పోతూ చుట్టు తిరిగొచ్చేసరికి, కింది వరసలో లోపలికి పోయిన చోట పై వరసలో దానంతట అదే బయటికి వస్తుంది. సరి లెక్కలో నాటితే ప్రతి వరసా కింది దాని మీదే పడి అల్లిక పట్టు తప్పుతుంది. ఒక్క పుల్ల ఎక్కువో తక్కువో, గోడ నిలవడం దాని మీదే ఉంది.

గుండ్రంగా అల్లడం అందం కోసం కాదు. కుప్పగా పోసిన గింజ గోడను నాలుగు వైపులా తోస్తుంది. చదరపు పెట్టెలో ఆ తోపుడుకు పలకలు ఉబ్బి మూలలు విచ్చుకుంటాయి. గుండ్రటి గోడలో చుట్టంతా కలిసి ఒత్తిడిని పంచుకుంటుంది. అల్లిక మీద పేడా మట్టీ కలిపి మెత్తుతారు. సందుల్లోకి దిగిన మట్టి పట్టుకుని కూర్చుంటుంది, పేడలోని పీచు దాన్ని బీటలు వారనీయదు. పైన గడ్డి కప్పు. కొన్నింటికి అడుగున చిన్న కన్నం, దానికో బిరడా ఉంటాయి. పై నుంచి కొత్త గింజ పోస్తూ కింద నుంచి పాతది తీసుకోవచ్చు. ఇన్ని జాగ్రత్తలు పడినా ముప్పు అడుగు నుంచే వస్తుందని తెలుసు కాబట్టే, పని చేయకుండా ఇంటి సొమ్ము తినేవాణ్ణి గాదె కింద పందికొక్కు అన్నారు.

పాతర ఆలోచన గాదెకు పూర్తిగా తలకిందులు. నీరు నిలవని మెరక మీద, గట్టి నేలలో, ఇరుకు మూతీ వెడల్పు పొట్టా ఉండేలా గొయ్యి తవ్వుతారు. లోపల మంట వేసి గోడల తడి ఆర్చి, గడ్డి పరిచి, బాగా ఎండిన జొన్నలు మూతిదాకా పోసి మట్టితో మూసేస్తారు. గింజకూ ప్రాణం ఉంది; అదీ, దానితోపాటు లోపలికి పోయిన ముక్కుపురుగూ కలిసి ఉన్న కాస్త ప్రాణవాయువునూ పీల్చేస్తాయి, బొగ్గుపులుసు వాయువు పేరుకుంటుంది. పురుగు చస్తుంది, గింజ మిగులుతుంది. మందు చల్లే పనే లేదు. మూత తీయగానే మనిషి దిగితే అదే గాలి అతన్నీ చంపుతుంది. అందుకే తెరిచి చాలాసేపు వదిలేస్తారు, దీపం దించి అది వెలుగుతుందో లేదో చూస్తారు. ఇంత తెలివిగా దాచిపెట్టే గొయ్యి పేరు పత్రికల చేతిలో పడి ‘నిబంధనలకు పాతర’ అయింది. కాపాడడం పోయి పూడ్చేయడం మిగిలింది. నాకది అన్యాయంగానే తోస్తుంది.

ఇంటికే కాదు, కోటకూ గింజ దాపు కావాలి. 1513లో శ్రీకృష్ణదేవరాయలు ఉదయగిరి దుర్గాన్ని ముట్టడిస్తే 1514లో గానీ అది లొంగలేదు. కొండ ఎత్తును అందరూ పొగుడుతారు. లోపల తిండిగింజలు దాచుకోకపోతే ఏ కొండా అన్నాళ్లు నిలవదని నా లెక్క.

ఇంట్లోకి వస్తే దొంతి. కింద పెద్ద కుండ, దాని మీద కాస్త చిన్నది, ఆపైన ఇంకా చిన్నది. ఒక్కో కుండ అడుగు కింది కుండకు మూత. విడిగా మూకుళ్లు అక్కర్లేదు, మూరెడు నేల చాలు. కందులకు ఎర్రమట్టి పట్టించి ఎండబెట్టి పోస్తారు. పెసలకు బూడిద కలుపుతారు. గింజల మధ్య సందులు పూడిపోయి పురుగుకు కదిలే దారి ఉండదు.

దాచిన దాన్ని కొలవాలి కదా. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం, నాలుగు కుంచాలు తూము. తూము దాకా అన్నీ రెండింతలో నాలుగింతలో. తక్కెడ లేకుండా, చిన్న పాత్రతో పోసి పెద్ద పాత్ర సరిగా ఉందో లేదో ఎవరైనా తేల్చుకోవచ్చు; మోసం చేయడం కష్టం. ఆపైన అయిదు తూములు ఏదుము, పది పందుము, ఇరవై పుట్టి. కొలిచే మనిషి మొదటి కుంచానికి ‘ఒకటి’ అనేవాడు కాదు, ‘లాభం’ అనేవాడు. ఇంట్లో బియ్యం అయిపోతే ఆ మాట నోట రానీయరు, ‘నిండుకున్నాయి’ అంటారు. సోమశిల జలాశయం నిజంగా నిండిన రోజున పత్రికలు రాసేదీ ‘నిండుకుండ’ అనే.

పాత్ర పేరుకు ‘ఎడు’ చేరిస్తే కొలత అవుతుంది: చేటెడు, తట్టెడు, కడివెడు. ఆ ‘ఎడు’ గింజల దగ్గర ఆగకుండా మనసులోకీ వచ్చింది. ఆశ గంపెడు, దుఃఖం పుట్టెడు. ఆశను గంపతోనూ దుఃఖాన్ని పుట్టితోనూ కొలిచినవాళ్లకు రెండిటి బరువూ తెలుసు. పుట్టి అంటే ఏరు దాటే గుండ్రటి తెప్ప కూడా. వెదురుతో బుట్టలా అల్లి, పైన తోలు తొడిగేవారు. అందుకే కొంప మునిగినా పుట్టి మునిగిందంటాం.

తూమూ కుంచమూ అటకెక్కాయి గానీ పుట్టి ఎక్కలేదు. నెల్లూరు జిల్లాలో ధాన్యం బేరం ఇప్పటికీ పుట్టి లెక్కనే సాగుతుంది. కాటా మీద దాన్ని 850 కిలోలుగా తూస్తారు.