రుజువు భారం ఎవరిది? – ఒక విమర్శనాత్మక పరిశీలన

చట్టంలో హక్కు రాసి ఉన్నంత మాత్రాన రక్షణ దొరుకుతుందా? రెండు ఉదాహరణలు పరిశీలిద్దాం.

జంగారెడ్డిగూడెం దాటి బుట్టాయగూడెం వైపు వెళ్తే షెడ్యూల్డ్ ప్రాంత గ్రామాలు వస్తాయి. అక్కడి భూములకు 1/70 చట్టం వర్తిస్తుంది. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలను 1970లో సవరించగా వచ్చిందిది. గిరిజనేతరుని చేతిలో ఉన్న భూమి గిరిజనుని నుంచే వచ్చిందని ఈ చట్టం మొదట భావిస్తుంది. కాదని రుజువు చేయవలసింది గిరిజనేతరుడే. చట్టం బలం ఇక్కడే ఉంది. 1988లో సుప్రీంకోర్టు దీన్ని సమర్థించింది. ప్రభుత్వ భూములకూ నిషేధం వర్తిస్తుందని 1997లో సమతా తీర్పు చెప్పింది.

ఇప్పుడు 1949 నాటి నాలుగో జెనీవా ఒప్పందాన్ని చూడండి. ఆక్రమించిన రాజ్యం తన పౌరులను ఆక్రమిత ప్రాంతానికి తరలించరాదని 49వ అధికరణం చెబుతుంది. ఇది పాలస్తీనా భూభాగానికి వర్తిస్తుందని అంతర్జాతీయ న్యాయస్థానం 2004లోనూ 2024లోనూ తేల్చింది. కానీ అవి సలహాపూర్వక అభిప్రాయాలు. భూమిని తిరిగి ఇప్పించే అధికారి అక్కడ లేడు.

రెండు పరిస్థితులూ ఒకటి కావు. ఒకటి సైనిక ఆక్రమణ. రెండోది రాజ్యాంగం ఐదో షెడ్యూల్ పరిధిలోనిది. మన ఏజెన్సీలో విచారణాధికారి ఉన్నాడు. అయినా అప్పీళ్ల వెంట తిరిగే స్తోమత లేని కుటుంబానికి ఆ రక్షణ దూరమే. కాబట్టి ఏ రక్షణ చట్టాన్ని చదివినా మూడు ప్రశ్నలు వేయండి: హక్కు ఏమిటి? రుజువు భారం ఎవరిది? అమలు చేసేదెవరు?