బస్సు దిగాక ఏమైంది?

వలస మీద మన తండాల నుంచి వస్తున్న కథలు, కవితలు వరుసగా పెట్టుకొని చదివితే ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనబడుతుంది. బోరు ఎండుతుంది. అప్పు పెరుగుతుంది. ఇంటికి తాళం పడుతుంది. ముసలమ్మ అరుగు మీద మిగిలిపోతుంది. బస్సు కదులుతుంది. అక్కడితో రచన అయిపోతుంది. లేదంటే ఒక్క గెంతులో పూణేలోనో ముంబైలోనో కట్టడం మీద నుంచి ఎవరో పడిపోయారన్న ఫోను దగ్గర తేలుతుంది. ఈ రెండింటి మధ్య ఆ మనిషి కొత్త రాష్ట్రంలో బస్సు దిగాడు, గది వెతికాడు, పక్కింటివాళ్ళు ఏం అడిగితే ఏం చెప్పాడు, మొదటి నెలలో ఏం చూసి ఆశ్చర్యపోయాడు? ఆ రోజులు మన రచనలో దాదాపు లేవు. మేము అడుగుతున్నది ఆ రోజుల గురించే.

ఈ లోటుకు మూలం మన పాటలోనే ఉందని మా అనుమానం. ఢావ్లో అంటే అత్తారింటికి పోయే పిల్ల ఏడుస్తూ పాడే పాట. తల్లిని, అన్నదమ్ములను, తోటి పిల్లలను పట్టుకొని పాడుతుంది. పుట్టిన తండాను విడిచే దుఃఖమే ఆ పాట. అత్తగారి తండాలో నీళ్ళు ఎంత దూరం, ఆ ఇంట్లో ముందు ఎవరు లేస్తారు అన్నది చెప్పడం దాని పని కాదు. రమేశ్ కార్తీక్ నాయక్ కథల సంపుటి పేరు ‘ఢావ్లో’. దానికి 2024లో కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చాక తండా బయటివాళ్ళ నోట కూడా ఈ మాట నలిగింది. సంతోషమే. కానీ వలస అనగానే మన కొత్త కవులు ఆ ఏడుపు బాణీ ఒక్కటే ఎత్తుకుంటే, పెళ్ళయిన పిల్ల ఆ తర్వాత యాభై ఏళ్ళు బతికిన బతుకు ఎవరు రాయాలి?

మనకు ఇంకో వారసత్వం కూడా ఉంది. ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని దక్కన్ అంతా తిరిగిన లదేణి కాలం. అప్పుడు తండా అంటే కదిలే ఊరు. అలా కదిలేవాళ్ళకు కొత్త చోటును గమనించడం పనిలో భాగం. గడ్డి ఉందా, చెరువు ఎవరి చేతిలో ఉంది, సంత ఏ రోజు, ఊరి పెద్ద ఎలాంటివాడు, ఇవన్నీ దిగిన పూటే తెలియాలి. తెలియకపోతే ఎద్దులు పోతాయి. రైళ్ళు వచ్చి ఆ బతుకు తీసేశాయి. 1871లో తెల్లదొరలు తెచ్చిన నేరస్థ జాతుల చట్టం తిరిగేవాళ్ళ చూపునే నేరం చేసింది. కొత్తవాడు ఊరిని చూస్తున్నాడంటే దొంగతనానికి చూస్తున్నాడనే అర్థం తీసింది. ఆ చట్టం 1952లో రద్దయింది గానీ, కొత్త కాలనీలో గది అడిగితే ఇంటివాళ్ళు మనవైపు చూసే చూపులో అది ఇంకా మిగిలే ఉంది.

సరే, మన పిల్లవాడు పూణేలో దిగాడనుకుందాం. అతను మొదట గమనించేది ఆకాశాన్నంటే మేడలు కాదు, అవి హైదరాబాదులో చూసినవే. మొదట గమనించేది తన పేరును. మా మూడు పట్టణాల చుట్టుపక్కల జాన్‌పహాడ్ దర్గాకు మొక్కి సైదా అనో సైదులు అనో సైదమ్మ అనో పేరు పెట్టుకోవడం మామూలు. ఉర్సుకు కృష్ణ అవతలి నుంచి కూడా జనం వస్తారు. ఇక్కడ సైదా నాయక్ అంటే ఎవరూ తల తిప్పి చూడరు. అక్కడ ఆ పేరు చెప్తే ఏ మతమని అడుగుతారు. ఇంటి పేరు దగ్గర ఇంకో చిక్కు. మన భూక్యాలు అక్కడ రాఠోడ్‌లు, మన వడ్త్యాలు అక్కడ జాదవ్‌లు. పక్క గదిలో ఉన్న యవత్మాల్ కుర్రవాడు తన గోత్రంవాడేనని, అన్నదమ్ముల వరస అవుతాడని తెలియడానికి ఇద్దరికీ కొంతకాలం పడుతుంది. ఎవరో పెద్దావిడ వచ్చి గోత్రం అడిగితే తప్ప తేలదు. ఇలాంటి సంగతి ఒక్కటి చాలు, కథ దానంతట అదే నడుస్తుంది.

తర్వాత భాష. గోర్‌బోలిలో మనవాళ్ళను గోర్ అంటాం, బయటివాళ్ళను కోర్ అంటాం. పూణేలో మనవాడు గోరే, అయినా నోరు తెరిస్తే అక్కడి గోర్‌లు నవ్వుతారు. కోదాడలో ఉన్నంతకాలం మనం అచ్చమైన గోర్‌బోలి మాట్లాడుతున్నామనే అనుకుంటాం. అందులో ఎన్ని తెలుగు మాటలు కలిశాయో మరాఠీ కలిసిన గోర్‌బోలి వింటే గానీ తెలియదు. మన భాషను మనకు చూపించేది పరాయి రాష్ట్రమే. ఇంత విలువైన గమనింపును వదిలేసి ‘పరాయి భాషలో మూగవాణ్ణయ్యాను’ అన్న ధోరణిలో రాస్తే, అది ఎవరైనా రాయగలిగిన వాక్యం.

అన్నిటికన్నా బరువైనది కాగితం. మనం తెలంగాణలో, ఆంధ్రప్రదేశ్‌లో ఎస్టీలం. అదే మనిషి కర్ణాటకలో ఎస్సీ. మహారాష్ట్రలో విముక్త జాతి. రాజ్యాంగం 342వ అధికరణం ఏ తెగను గుర్తించినా ‘ఆ రాష్ట్రానికి సంబంధించి’ అనే మాటతోనే గుర్తిస్తుంది. 1990లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన కేసు మన టీచర్లు తరగతిలో చెప్పదగింది. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్టీ అయిన ఒక కుటుంబం, తండ్రి ఉద్యోగం వల్ల బొంబాయి వెళ్ళింది. అప్పటికి పిల్లవాడికి తొమ్మిదేళ్ళు. పెద్దయ్యాక అక్కడే మెడికల్ సీటు అడిగితే ఎస్టీగా ఒప్పుకోలేదు. పుట్టిన రాష్ట్రపు గుర్తింపు వలస వెంట రాదని కోర్టు కూడా తేల్చింది. కారణాలు న్యాయశాస్త్రంలో ఉంటాయి, ఉండనీ. తొమ్మిదేళ్ళ పిల్లవాడు ఏ రైలెక్కాడో అతనికి జ్ఞాపకం ఉంటుంది గానీ, ఎక్కడ దాటితే తాను గిరిజనుడు కాకుండా పోయాడో ఎలా తెలుస్తుంది?

దీనికి పూణే దాకా పోనక్కరలేదు. ఆంధ్ర ప్రాంతంలో లంబాడీలు, సుగాలీలు ఎస్టీ జాబితాలో ఉన్నా, తెలంగాణ ప్రాంతంలో 1976 సవరణ చట్టం వచ్చేదాకా మనం ఆ జాబితాలో లేము. 1956 నుంచి రాష్ట్రం ఒకటే. అయినా ఇరవై ఏళ్ళపాటు కృష్ణకు అటు దాచేపల్లి వైపు ఉన్న మేనమామ ఎస్టీ, ఇటు మిర్యాలగూడ వైపు ఉన్న మేనల్లుడు కాదు. ఆ ఇరవై ఏళ్ళ మీద ఒక నవల రావలసింది.

2014 జూన్ 2 తర్వాత కోదాడ సరిహద్దు పట్టణం అయింది. పాలేరు వాగు వంతెన దాటితే గరికపాడు, అది వేరే రాష్ట్రం. జగ్గయ్యపేట వైపు తండాకు ఇచ్చిన మన ఆడపిల్ల ఇప్పుడు పరాయి రాష్ట్రపు కోడలు. ఆమె ఏం గమనిస్తుంది? ఆధార్ కార్డు మీద చిరునామా అత్తగారిది. 2023 డిసెంబరు నుంచి తెలంగాణ బస్సుల్లో ఆడవాళ్ళకు ఉచితం, కానీ తెలంగాణ చిరునామా ఉండాలి. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రలో కూడా ఉచితమే, అక్కడ ఆ రాష్ట్రపు చిరునామా చాలు. తల్లి తెలంగాణ బస్సులో సరిహద్దు దాకా ఊరికే పోతుంది, అక్కడి నుంచి టికెట్టు కొనాలి. కూతురు పుట్టింటికి వచ్చి అదే బస్సులో తల్లి పక్కన కూర్చుంటే కూతురికి మాత్రం టికెట్టు కొడతారు. ఢావ్లోలో లేని దుఃఖం ఇది. నవ్వు కూడా ఉంది ఇందులో. మా ప్రాంతపు ఆడపిల్లలెవరైనా రాస్తే చదవాలని ఉంది.

మాటల విషయం కూడా ఒకటి చెప్పాలి. నాగార్జునసాగర్ ఎడమ కాలువకు నీళ్ళు వచ్చాక గుంటూరు, కృష్ణా జిల్లాల నుంచి రైతులు మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాలకు వచ్చి భూములు కొన్నారు. వాళ్ళను సెటిలర్లు అన్నాం. మనవాళ్ళు పూణే పోతే వలస కూలీలు. డబ్బు పట్టుకొని వచ్చినవాడు స్థిరపడతాడు, చేతులు పట్టుకొని పోయినవాడు వలస పోతాడు. ఈ తేడాను మన విమర్శకులు కూడా అడక్కుండానే వాడుతున్నారు.

ఇక మన దగ్గరికి వచ్చినవాళ్ళ మాట. మిర్యాలగూడ రైసు మిల్లుల్లో బస్తాలు మోసేది చాలావరకు బీహారు కుర్రవాళ్ళు. నాట్లకు కూడా అక్కడి ముఠాలు దిగుతున్నాయి, తండా ఆడవాళ్ళ కూలి రేటు మీద దాని దెబ్బ పడుతోంది. వాళ్ళ మీద కోపంతో రాసిన మాటలు విన్నాం. వాళ్ళు మన ఊళ్ళో దిగి ఏం గమనించారని అడిగి రాసినవాళ్ళు మాకు కనబడలేదు. ఉప్పుడు బియ్యం ఉడికే వాసన వాళ్ళకు ఎలా తోచిందో, తండాను చూసి ఊరనుకున్నారో ఇంకేమనుకున్నారో.

ఇంకా కష్టమైన చూపు ఆదిలాబాదులో ఉంది. మహారాష్ట్ర నుంచి వచ్చి ఇక్కడ ఎస్టీలుగా లెక్కకెక్కిన బంజారాల గురించి గోండు, కోలాం సోదరులు ఎన్నాళ్ళుగానో అడుగుతున్నారు. 2017లో అది పెద్ద ఉద్యమమే అయింది. హక్కుల వాదం ఎటు తేలినా, రచయితకు వేరే పని ఉంది. కొత్తగా వచ్చిన లంబాడీ కుటుంబాన్ని గూడెం గడపలో నిలబడి చూసిన గోండు ముసలివాడి కళ్ళతో ఒక్క కథైనా మనం రాయగలగాలి. రాసినవాణ్ణి మనవాళ్ళు తిడతారు, అది కూడా తెలుసు. అయినా రాయాలి.

చివరికి లిపి. గోర్‌బోలికి సొంత లిపి వాడుకలో లేదు. మనం తెలుగులో రాస్తాం, కలబురగివాళ్ళు కన్నడలో, పుసద్‌వాళ్ళు దేవనాగరిలో. ఆత్మారామ్ రాఠోడ్ ఆత్మకథ ‘తాండా’ మరాఠీలో ఉంది. సూర్యాపేట కుర్రవాడు పూణేలో పుసద్ కుర్రవాడితో ఒకే గదిలో ఉండగలడు, ఒకే పొయ్యి మీద బాటి కాల్చుకోగలడు, తెల్లవార్లూ మాట్లాడగలడు. ఒకరి పుస్తకం ఒకరు చదవలేరు. అందుకే గురుకులాల్లో పనిచేసే తెలుగు టీచర్లకు మా మనవి ఒకటి. ఈ సెలవుల్లో పక్క రాష్ట్రం నుంచి ఇంటికి వచ్చినవాళ్ళను పిల్లల చేత అడిగించండి: దిగిన రోజు ఎవరు ఏం పేరుతో పిలిచారు, నీళ్ళు ఎక్కడ పట్టుకున్నారు, గోర్‌బోలి మొదట ఎవరి నోట విన్నారు? చెప్పింది చెప్పినట్టు గోర్‌బోలిలోనే, తెలుగు అక్షరాల్లో రాయించండి. పూణేలో ఉన్న అన్నకు ఫోనులో చదివి వినిపిస్తే, పక్కనున్న పుసద్ కుర్రవాడికి కూడా అర్థమవుతుంది.