ఆలస్యంగా పడే లాగు వెనక పనితనం

టామ్‌క్యాట్ మీద పనిచేసిన వాళ్లకు ఇది కొత్త కాదు. ఒక విండోలో యాక్సెస్ లాగు మీద టెయిల్ పెట్టుకుని, ఇంకో విండోలో బ్రౌజర్ తెరిచి పేజీ కొడతాం. పేజీ టక్కున వస్తుంది, లాగులో మాత్రం ఏమీ పడదు. రెండుసార్లు రిఫ్రెష్ చేస్తాం. వేరే ఫైలు చూస్తున్నామా, పర్మిషన్ల గొడవా, డిస్కు నిండిందా అని తలగోక్కుంటుండగా మూడు లైన్లూ ఒక్కసారిగా వచ్చి పడతాయి. కాన్ఫిగరేషన్ మీద చెయ్యి వేసే ముందు ఆ లైను ఏ దారిన వచ్చిందో ఒకసారి చూడండి. చూడదగ్గ దారి అది.

ఈ లాగు రాసే భాగం పేరు యాక్సెస్‌లాగ్‌వాల్వ్. రెస్పాన్స్ పూర్తయ్యాకే దీనికి పని పడుతుంది. స్టేటస్ కోడు, పంపిన బైట్లు, పట్టిన సమయం అప్పటిదాకా తేలవు మరి. అందుకే 40 సెకన్లు నమిలే రిపోర్టు పేజీ 40 సెకన్ల తర్వాత గానీ లాగులోకి ఎక్కదు. మామూలుగా లైనులో ఉండే టైము కూడా రెస్పాన్స్ ముగిసిన టైమే. రిక్వెస్టు మొదలైన టైము కావాలంటే ప్యాటర్న్‌లో 'బిగిన్' అని విడిగా అడగాలి.

లైను ఎలా ఉండాలో చెప్పే ప్యాటర్న్‌ను ప్రతి రిక్వెస్టుకూ చదవరు. ముందే ఒకసారి విడగొట్టి చిన్న చిన్న ముక్కలుగా పెట్టుకుంటారు: ఐపీ అడ్రసు రాసేది ఒకటి, తేదీ రాసేది ఒకటి, స్టేటస్ రాసేది ఒకటి. రెస్పాన్స్ ముగియగానే అవి వరసగా తమ వంతు రాసి తప్పుకుంటాయి. రాసే చోటు కూడా ప్రతిసారీ కొత్తది కాదు. వాడిన అక్షరాల బఫరునే తుడిచి మళ్లీ వాడతారు. అది 256 అక్షరాలు దాటి ఉబ్బితే మాత్రం పారేస్తారు, లేకపోతే ఒక్క పొడుగాటి యూఆర్ఎల్ కోసం పెరిగిన బఫరు మెమరీలో ఎప్పటికీ కూర్చుంటుంది. తేదీ ముక్క దగ్గర జాగ్రత్త ఇంకా ముచ్చటైనది. తేదీని అక్షరాల్లోకి మార్చడం ఖరీదైన పని, కానీ ఒకే సెకనులో ముగిసిన వంద రిక్వెస్టులకు ఆ అక్షరాలు ఒకటే. అందుకని ప్రతి థ్రెడ్ దగ్గరా 60 సెకన్లకు సరిపడా, అందరికీ ఉమ్మడిగా 300 సెకన్లకు సరిపడా తేదీలు దాచి ఉంచుతారు.

ఇంత పనీ ఫైలులో రాసే రైటరుకు తాళం వేయకుండానే జరుగుతుంది. తయారైన లైనును రైటరులోకి దించే ఆ కాసేపు మాత్రమే తాళం. రైటరు వెనక 1,28,000 అక్షరాలు పట్టే బఫరు ఉంటుంది. లైను అందులో పడగానే థ్రెడ్ తన దారిన తాను పోతుంది, డిస్కు కోసం నిలబడదు. పాత రోజుల ఆర్టీసీ కండక్టరు టిక్కెట్టు అప్పటికప్పుడు చింపి ఇచ్చి, లెక్కల కాగితమైన ఎస్సార్ మాత్రం స్టేజీ వచ్చినప్పుడు రాసుకున్నట్టు.

ఇక్కడ ఆ స్టేజీ పది సెకన్లకోసారి వస్తుంది. టామ్‌క్యాట్ ఇంజిన్‌కు బ్యాక్‌గ్రౌండ్ ప్రాసెసర్ డిలే అనే సెట్టింగు ఉంది, డిఫాల్టు 10 సెకన్లు. ఆ గడువుకోసారి ఒక నేపథ్య థ్రెడ్ ఇంజిన్ నుంచి హోస్టుకు, హోస్టు నుంచి ఒక్కో అప్లికేషన్‌కు దిగుతూ ప్రతి భాగాన్నీ పలకరిస్తుంది. గడువు తీరిన సెషన్లను ఏరేసేది కూడా ఈ తిరుగుడులోనే, డిఫాల్టుగా ఆరు తిరుగుళ్లకోసారి. యాక్సెస్‌లాగ్‌వాల్వ్ దగ్గరికి రాగానే బఫరును ఫ్లష్ చేస్తుంది. లాగు కోసమని వేరే టైమరు పెట్టకుండా, ఎలాగూ తిరిగే థ్రెడ్‌కే ఈ పని అప్పజెప్పారు. నాకు అన్నిటికన్నా నచ్చింది ఈ పొదుపే.

దారి తెలిశాక ఆలస్యం ఎక్కడుందో పట్టుకోవడం తేలిక. లైనులోని టైమును, అది ఫైలులో పడ్డ టైముతో పోల్చండి. తేడా పది సెకన్ల లోపుంటే అది బఫరు, జబ్బు కాదు. లైనులోని టైమే మీరు క్లిక్ చేసిన టైముకు చాలా దూరంగా ఉంటే రిక్వెస్టే నెమ్మదిగా నడిచింది. ప్యాటర్న్‌లో పర్సెంట్ డి పెడితే ఎంత పట్టిందో తెలుస్తుంది. ఆ అంకె టామ్‌క్యాట్ 9 దాకా మిల్లీసెకన్లు, 10 నుంచి మైక్రోసెకన్లు. ఈ సంగతి మరిచిపోయి కంగారు పడకండి. ఇక నిమిషాలు గడిచినా లైను రాకపోతే ఆ డిలే సెట్టింగును ఎవరైనా పెంచారేమో, మైనస్‌లో పెట్టి నేపథ్య థ్రెడ్‌నే ఆపేశారేమో చూడండి. అది ఆగితే బఫరు నిండేదాకా ఆగాల్సిందే: వంద అక్షరాల లైన్లయితే 1,280 రిక్వెస్టులు.

అర్ధరాత్రి దాటినా కొత్త తేదీ ఫైలు కనపడలేదని కొందరు హడావుడి పడతారు. తేదీ మారిందా అని చూసేది లైను రాయబోయే ముందే, అదీ సెకనుకు ఒకసారికి మించకుండా. రాత్రి ఎవరూ సైటుకు రాకపోతే తెల్లారి మొదటి రిక్వెస్టు వచ్చేదాకా ఆ ఫైలు పుట్టదు.

టామ్‌క్యాట్ సొంత సందేశాలు పడే కాటలీనా లాగుది వేరే దారి. టామ్‌క్యాట్ 8 నుంచి మామూలుగా దాన్ని రాసేది అసింక్ ఫైల్ హ్యాండ్లరు. సందేశాలను 10,000 దాకా క్యూలో పెట్టుకుని విడి థ్రెడ్‌తో రాయిస్తుంది. క్యూ నిండితే డిఫాల్టుగా కొన్ని సందేశాలు పడిపోతాయి కూడా. యాక్సెస్ లాగుకు చెప్పిన లెక్క దీనికి పనికిరాదు.

సొంత మెషీన్‌లో డెవలప్‌మెంట్ చేసేటప్పుడు సర్వర్ డాట్ ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో యాక్సెస్‌లాగ్‌వాల్వ్‌కు బఫర్డ్ విలువను ఫాల్స్ చేసుకోండి, ప్రతి లైనూ వెంటనే పడుతుంది. స్ప్రింగ్ బూట్‌లోనూ ఇదే పేరుతో సెట్టింగు ఉంది. రద్దీ ఉండే ప్రొడక్షన్‌లో మాత్రం దాన్ని ముట్టుకోకండి. మామూలుగా ఆపితే టామ్‌క్యాట్ బఫరులో మిగిలిందంతా రాసే మూస్తుంది. కిల్ మైనస్ 9 కొడితే మాత్రం చివరి పది సెకన్ల లైన్లు పోతాయి.