తీసేశారా? తీయించుకుందా?

రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ గురించి తెలుగులో రెండు రకాలుగా చెప్తాం. ‘తీసేశారు’ అంటే చేసింది డాక్టర్లు. ‘తీయించుకుంది’ అంటే చేయించుకున్నది ఆమె. కానీ ఆ రెండో మాటలో ఆమె ఇష్టమెంత, ఇంట్లోవాళ్ళ నిర్ణయమెంత అన్నది బయటికి తెలీదు. నల్లజాతి అమెరికన్ కవయిత్రి ఆడ్రే లార్డ్ పుస్తకాలు రెండింటిని కలిపి చదువుతుంటే ఈ తేడానే నన్ను వెంటాడింది.

1978లో లార్డ్ రొమ్ము తీయించుకుంది. వేరే దారులేమున్నాయో బేరీజు వేసుకుని తనే ఆ నిర్ణయానికొచ్చింది. ఆ తర్వాత కృత్రిమ రొమ్ము పెట్టుకోమంటే మాత్రం కాదంది. అది లేకుండా వస్తే మిగతా పేషెంట్ల మనోధైర్యం దెబ్బతింటుందని నర్సు మందలించిన సంగతి ‘ది క్యాన్సర్ జర్నల్స్’లో (1980) ఉంది. స్త్రీవాద విమర్శ ఈ ఘట్టాన్ని గట్టిగానే పట్టుకుంది. అయితే నిరాకరణే ధైర్యానికి కొలత అన్నట్టు కూడా మాట్లాడింది. నా పేచీ దానితోనే.

1984లో జబ్బు కాలేయానికి పాకింది. వెంటనే బయాప్సీ చేయాలన్నారు. లార్డ్ ఒప్పుకోలేదు. పాఠాలు చెప్పడానికి బెర్లిన్ వెళ్ళింది. తర్వాత స్విట్జర్లాండులో మరో రకం వైద్యం చేయించుకుంది. 1988లో వచ్చిన ‘ఎ బరస్ట్ ఆఫ్ లైట్’లో తన భయాల్నీ అనుమానాల్నీ ఎక్కడా దాచలేదు. మొదటిసారి కత్తికి ఒప్పుకున్న మనిషే రెండోసారి ఒప్పుకోలేదు. ఇందులో ఏది ధైర్యం, ఏది పిరికితనం అని అడగడమే తప్పు. మొదటిసారి అనుభవం నేర్పినదాన్ని బట్టి, మిగిలిన కాలాన్ని దేనికి ఖర్చుపెట్టాలో ఆమె తేల్చుకుంది. 1992లో చనిపోయింది. బెర్లిన్, స్విట్జర్లాండ్ అందరికీ అందేవి కావన్నదీ మర్చిపోకూడదు.

జబ్బు తిరగబెట్టడం అన్నిసార్లూ ఇలాగే ఉండదు. గడ్డ వరకే తీసి రేడియేషన్ ఇచ్చిన రొమ్ములోనే మళ్ళీ రావచ్చు. బెర్నార్డ్ ఫిషర్ బృందం 2002లో ప్రకటించిన 20 ఏళ్ళ ఫలితాల్లో అలా వచ్చినవాళ్ళు 14.3 శాతం. అయినా మొత్తం రొమ్ము తీయించుకున్నవాళ్ళతో పోలిస్తే వీళ్ళ ఆయుష్షేమీ తగ్గలేదు. తిరిగొస్తే మొత్తం తీసేయడమే చాలాకాలం ఆనవాయితీ. ఇప్పుడు గడ్డ చిన్నదై, చాలా ఏళ్ళకి తిరిగొస్తే, కొందరికి మళ్ళీ గడ్డ వరకే తీసి, కొంతమేర రేడియేషన్ ఇచ్చే వీలుంది. అంటే ప్రశ్న నిజంగానే ఆమె ముందుకొచ్చింది. ఒకామె ‘ఉంచండి’ అంటుంది. ఇంకొకామె ‘తీసేయండి, ప్రతి పరీక్షకీ ఆ ఎదురుచూపు ఇక నావల్ల కాదు’ అంటుంది. మొదటిది అందం మీద మోజు కాదు, రెండోది లొంగుబాటు కాదు. రేడియేషన్ మంట, వాచిన చెయ్యి, పోయిన పనిరోజులు ఎరిగిన మనుషులు చెప్తున్న మాటలివి.

ఆ మాట ఆమె నోటినుంచే రావాలి. మత్తులో ఉన్న స్త్రీ గర్భసంచి తల్లి అనుమతితో తీసేసిన కేసులో, తల్లి సంతకం ఆమె సమ్మతి కాదని 2008లో సుప్రీంకోర్టు చెప్పింది. మన కథల్లో, ఆత్మకథల్లో ఆస్పత్రి వచ్చినప్పుడల్లా విమర్శకురాలిగా నేను అడగాలనుకునేది ఇదే: ఆమెని అడిగారా? రెండోసారి కూడా అడిగారా? మొదటిసారి చెప్పిందే మళ్ళీ చెప్పాలని ఆమె మీద మనమూ ఒత్తిడి పెడుతున్నామా?