చేజారిన గిటార్లు, చెరగని చారలు

కెనడా రాక్ సంగీతకారుడు ర్యాండీ బాక్‌మన్‌కు ఆ గిటార్ అంటే ఎంత ప్రాణమంటే, కచేరీల కోసం ఊళ్లు తిరిగేటప్పుడు హోటల్ గదిలో దాన్ని గొలుసుతో టాయిలెట్‌కు కట్టేసి తాళం వేసేవాడు. 1957లో తయారైన గ్రెచ్ 6120 అది. నారింజ రంగుది. కుర్రతనంలో పచ్చిక కోసి, కార్లు కడిగి, చంటిపిల్లల్ని చూసుకుని కూడబెట్టిన 400 డాలర్లు పోసి కొన్నాడు. ‘ది గెస్ హూ’ బృందం రోజుల నుంచీ దాని మీదే ఎన్నో పాటలు కట్టాడు. 1970లలో టొరంటోలోని ఒక హోటల్ నుంచి అది మాయమైంది.

పోలీసులకు చెప్పాడు. పాత వాయిద్యాల వ్యాపారులకు కబురు పెట్టాడు. ఫలితం లేదు. వెతుకుతూ వెతుకుతూ కనబడిన గ్రెచ్ గిటారల్లా కొనడం మొదలుపెట్టాడు. అవి మూడు వందలు దాటాయి. ఆ సేకరణ చివరికి గ్రెచ్ కుటుంబం దగ్గరికే చేరింది. అన్ని కొన్నా మనసులో ఆ ఒక్కదాని చోటు ఖాళీగానే ఉండిపోయింది.

బయటివాళ్లకు ఇదంతా పిచ్చిగా అనిపించవచ్చు. అదే కంపెనీ, అదే మోడల్, అదే ఏడాది సరుకు డబ్బిస్తే దొరుకుతుంటే ఈ బెంగ ఎందుకు? నాకు తెలిసి ఇందుకు సరైన జవాబు గిబ్సన్ కంపెనీ అమెరికాలోని కలమజూ ఊళ్లో 1958 నుంచి 1960 దాకా చేసిన లెస్ పాల్ స్టాండర్డ్ గిటార్లను చూస్తే దొరుకుతుంది. సేకర్తలు వాటిని ‘బర్స్ట్’ అంటారు. వెనక మహాగని, ముందు మేపుల్ చెక్క. నడుమ పసుపు, అంచుల్లో చెర్రీ ఎరుపు. ఆ ఎరుపు వెలుతురుకు ఆగలేదు. కిటికీ పక్కన వేలాడినవి వెలిసి తేనెరంగుకు, నిమ్మపండు రంగుకు దిగాయి. పెట్టెలో దాచినవి ఎర్రగానే మిగిలాయి. మేపుల్‌లోని అడ్డచారలు ఒకదానిలో దట్టంగా, ఇంకోదానిలో సన్నగా, మరోదానిలో ఉన్నాయా లేవా అన్నట్టు ఉంటాయి. తీగల కదలికను విద్యుత్తుగా మార్చే పికప్‌ల సంగతీ అంతే. గిబ్సన్ ఇంజనీరు సెత్ లవర్ రూపొందించిన ఆ పికప్‌లకు రాగితీగ ఎన్ని చుట్లు పడాలో ఆరోజుల్లో కచ్చితంగా కుదిరేది కాదు. అయస్కాంతాలు కూడా రకరకాలు వాడేవారు. అందుకే పక్కపక్కనే తయారైన రెండు గిటార్లు కూడా ఒకేలా పలకవు.

కొత్తలో వాటి ధర 250 డాలర్లకు అటూ ఇటూ. అయినా కొనేవాళ్లు కరువై కంపెనీ ఆ నమూనానే పక్కనపెట్టింది. 1966లో జాన్ మేయాల్ బృందం ఆల్బమ్‌లో ఎరిక్ క్లాప్టన్ ఒక బర్స్ట్ మీద వాయించిన తీరు విన్నాక కుర్రకారంతా వాటి వెంట పడ్డారు. క్లాప్టన్ గిటార్ ఆ ఏడే దొంగల పాలైంది. మళ్లీ ఆయన చేతికి రాలేదు. ఇవాళ మంచి బర్స్ట్ ధర లక్షల డాలర్లలో పలుకుతుంది.

దొంగతనం కన్నా ఎక్కువ బాధపెట్టేది మన చేత్తో మనం వదులుకున్నది. ‘ఫ్లీట్‌వుడ్ మాక్’ బృందం స్థాపకుడు పీటర్ గ్రీన్ తన 1959 లెస్ పాల్‌ను 1970ల మొదట్లో కుర్రవాడైన గ్యారీ మూర్‌కు ఇచ్చేశాడు. మూర్ తన దగ్గరున్న మరో గిటార్ అమ్మితే ఎంత వచ్చిందో గ్రీన్ అంతే పుచ్చుకున్నాడు. మెడవైపు పికప్‌లో అయస్కాంతం తిరగబడి ఉండటంతో, రెండు పికప్‌లూ కలిపి మోగిస్తే దూరాన ఎవరో ముక్కుతో పాడుతున్నట్టు విచిత్రంగా పలికే గిటార్ అది. మూర్ దాన్ని మూడు దశాబ్దాలు వాయించాడు. గురువు మీద గౌరవంతో 1995లో ఆయన పాటలతో ఒక ఆల్బమ్ చేశాడు. 2006లో మూర్‌కూ దాన్ని అమ్మక తప్పలేదు. ఇప్పుడది ‘మెటాలికా’ బృందంలోని కిర్క్ హ్యామెట్ చేతిలో ఉంది, వేదికల మీద మోగుతూనే ఉంది.

ఇంత డబ్బు తిరిగే చోట నకిలీలు పుట్టకుండా ఉంటాయా? అందుకే సేకర్తలు పరీక్ష ఒక విద్యగా నేర్చుకున్నారు. ముందుగా మెడ పైభాగం చూస్తారు. గిబ్సన్ ఆ తలను 17 డిగ్రీలు వెనక్కి వంచి చేసింది. లోపల ఇనుప కడ్డీ కోసం తొలిచిన గాడి కూడా సరిగ్గా అక్కడే. కిందపడితే మొదట విరిగేది అదే. అతుకు ఎంత నున్నగా ఉన్నా, చీకటి గదిలో అతినీలలోహిత దీపం పడితే పాత లక్కర్ పచ్చటి వెలుగు ఇస్తుంది, కొత్తగా పూసిన చోటు నల్లగా తేలుతుంది. తర్వాత వెనక మూత విప్పుతారు. శబ్దం పెంచే, తగ్గించే భాగాల వీపున అచ్చు వేసిన అంకెలుంటాయి: తయారుచేసిన కంపెనీ, ఏడాది, వారం. 1959 గిటార్ అని చెబుతున్నదాంట్లో 1962 నాటి భాగం కనబడితే అడగాల్సిన ప్రశ్న ఒకటి ఉన్నట్టే. టంకం చెదరకుండా ఉందా, స్క్రూల మీద గీతలున్నాయా అనీ చూస్తారు. మళ్లీ రంగు వేసిన గిటార్‌కు ధర దాదాపు సగానికి పడిపోతుంది.

ఇంత విద్య నేర్చి, కొన్నదాన్ని బ్యాంకు లాకరు సరుకులా మూసిపెట్టేవాళ్లను చూస్తే నాకు కష్టంగా ఉంటుంది. 1950ల నాటి గిటార్ల అంచుల్లోని సెల్యులాయిడ్ పట్టీలు పెట్టెలో గాలాడకపోతే ముక్కలై రాలుతూ ఆవిరి వదులుతాయి. ఆ ఆవిరి పక్కనున్న లోహాన్ని తినేస్తుంది. ఆనాటి గ్రెచ్‌లకు ఈ జబ్బు మరీ ఎక్కువ. వాయించే మనిషి చేతిలో ఉంటే కనీసం కంటికి కనబడుతుంది.

బాక్‌మన్ గిటార్ దొరికింది కూడా ఎవరో వాయిస్తుండగానే. దాని ముఖం మీద, చెక్క చారల మధ్య, చిన్న నల్లటి ముడి ఒకటుంది. 2020లో ఒక అభిమాని పాత ఫోటోల్లోని ఆ ముడినీ చారలనూ ఆధారం చేసుకుని, మనిషి ముఖాల్ని పోల్చే సాఫ్ట్‌వేర్‌ను చెక్కకు పనికొచ్చేలా మార్చి ఇంటర్నెట్ అంతా గాలించాడు. టోక్యోలో తకేషి అనే సంగీతకారుడు వాయిస్తున్న వీడియోలో అది కనబడింది. ఆయన దొంగసొత్తని తెలియక దుకాణంలో కొన్నాడు. తిరిగిస్తాను, కానీ దానికి సరిజోడు కావాలి అన్నాడు. బాక్‌మన్ వెతికి వెతికి అదే వారంలో తయారైన తోబుట్టువు లాంటి గిటార్‌ను పట్టాడు. 2022 జూలై 1న టోక్యోలోని కెనడా రాయబార కార్యాలయంలో ఇద్దరూ మార్చుకున్నారు.

చెక్క చారలు ఎవరూ నకలు చేయలేనివి. బొబ్బిలిలో ఒకే పనసదుంగ నుంచి తొలిచే ఏకాండి వీణ అయినా, 1969 తర్వాత మార్టిన్ కంపెనీ గిటార్లకు వెళ్లిన మన ఇండియన్ రోజ్‌వుడ్ అయినా అంతే. కాబట్టి ఇంట్లో పాత వాయిద్యం ఏదున్నా ఈ వారమే బయటికి తీయండి. వెలుతురులో పెట్టి ముందు, వెనక, పక్కల దగ్గరగా ఫోటోలు తీయండి. నంబరు ఉంటే రాసుకోండి, ముడులూ గీతలూ అతుకులూ స్పష్టంగా పడేలా చూడండి. ఆ ఫోటోలు వాయిద్యం పెట్టెలో కాకుండా వేరేచోట భద్రపరచండి. అమ్మాలనుకుంటే ఆ తర్వాతే అమ్మండి.